తుపాకీకి కట్టిన ఆరోగ్య కార్డు

నా తమ్ముడి కుడి మోకాలు వంగదు. కింద కూర్చోవాలంటే కాలు ముందుకు చాపి, గోడ పట్టుకుని దిగాలి. మోకాలి వెనక నరాన్ని చీల్చింది అడవి పంది. అది పంది పని, దాని మీద నాకు కోపం లేదు. చీలిన నరాన్ని వేళకు కుట్టించుకోవడానికి సర్కారు ఇచ్చిన ఆరోగ్య కార్డు మా తమ్ముడికి ఉంది. ఆ కార్డును అతని తుపాకీతో పాటు పోలీసు ఠాణాలో పెట్టి తాళం వేశారు. ఓట్లు పడి, లెక్క తేలి, గెలిచినవాడు దండలు వేయించుకునేదాకా ఆ తాళం తీయలేదు. నా ఫిర్యాదు ఇదొక్కటే. తక్కినదంతా ఇది ఎలా జరిగిందో చెప్పడం.

ఆరోగ్య కార్డుకూ తుపాకీకీ ఏమి సంబంధమని చదివేవాళ్ళు అడుగుతారు. ఆసుపత్రి వాళ్ళూ అదే అడిగారు. వాళ్ళకు నిలబడి చెప్పిన జవాబునే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

మా నాన్న చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో భూమి లోపల పనిచేసినవాడు. మా చిన్నాయన ఊళ్ళో ఉండి సేద్యం చూసుకున్నాడు. మా పొలం గుట్టకు ఆనుకుని ఉంటుంది. రాగి వేసినా, వేరుశనగ వేసినా, ఇప్పుడు మామిడి పెట్టినా, గుట్ట మీది పందులకు మొదటి వాటా. అందుకని ఆ కాలంలోనే ఇద్దరూ పంట కాపుదలకని లైసెన్సు తీసుకుని చెరో తుపాకీ పెట్టుకున్నారు. మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, ఇనుప కడ్డీతో దట్టించి కాల్చే తుపాకులు అవి. పత్రికల్లో వీటిని నాటు తుపాకులని రాసి, పక్కన దొంగల బొమ్మ వేస్తారు. మావాటికి లైసెన్సు ఉంది, నంబరు ఉంది, వేళ తప్పకుండా రెన్యువల్ చేయించుకున్న ముద్రలు ఉన్నాయి. నాన్నది తమ్ముడికి వచ్చింది. చిన్నాయనకు పిల్లలు లేరు గనుక ఆయనది నాకు వచ్చింది.

ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు ఉన్నవాళ్ళంతా తుపాకులు తెచ్చి ఠాణాలో అప్పగించాలని కబురు వస్తుంది. నేను బడిలో చదివింది కొంచెమే. మిగిలినదంతా కాగితం ముక్కలు పోగేసి నేర్చుకున్నాను. ఆయుధాల చట్టం కన్నడంలో అచ్చు వేసిన పుస్తకం ఒకటి బెంగళూరు పాత పుస్తకాల అంగట్లో కొని, అట్ట ఊడిపోయేదాకా చదివాను. నాకు అర్థమైనంతలో, ఎవరి తుపాకీ వల్ల గలాటా జరిగే భయముందో చూసి వాళ్ళవి అడగాలి. మా వైపు చూడడం లేదు, అడగడమే. గొర్రెలను దొడ్డికి తోలినట్టు అందరినీ రమ్మంటారు. అదీ ఏ నెలల్లో? మామిడి కాయ దిగే నెలల్లో. శ్రీనివాసపురం మండీ దగ్గర లారీలు వరసగా నిలబడి ఉంటాయి, చెట్ల కింద కాయ రాలి ఉంటుంది, పందులు పిల్లాపాపలతో గుట్ట దిగి వస్తాయి, తుపాకులు మాత్రం ఠాణాలో విశ్రాంతి తీసుకుంటాయి.

అప్పగించడంలో మాకొక పద్ధతి ఉంది. మూతిలోంచి కూరిన మందును మళ్ళీ బయటికి తీయడం కష్టం. కాల్చేయడమే దారి. మందు కూరి ఉన్న తుపాకీని ఠాణాలో ముట్టుకోరు. అందుకని అప్పగించే రోజు పొద్దున లైసెన్సువాళ్ళందరం చాంపియన్ రీఫ్స్ వెనక సైనైడ్ గుట్ట దగ్గర కలుస్తాం. గని మట్టి పోసి పోసి పెరిగిన ఆ గుట్టలో తుపాకీ గుండు ఎవరికీ తగలదు. ఒకరి తర్వాత ఒకరు గుట్ట కడుపులోకి కాల్చి, గొట్టం ఊది, గుడ్డతో తుడిచి, ఠాణాకు నడుస్తాం. నాన్న కాలం నుంచి ఇంతే. గుట్ట దగ్గర చప్పుళ్ళు వినబడితే ఠాణాలో లెక్కలు రాసే రైటరు టీ చెప్పి పంపేవాడు, వస్తున్నారని.

పద్ధతి బాగానే ఉండేది, తుపాకులు మారిపోవడం మొదలయ్యేదాకా. ఠాణాలో కాగితం చీటీ రాసి దారంతో కట్టేవాళ్ళు. చీటీని ఎలుక తినేది, లేకపోతే చెమ్మకు సిరా కారిపోయేది. మా తుపాకులన్నీ చూడడానికి ఒకటే. ఒక ఎన్నికలప్పుడు తమ్ముడి తుపాకీ వేరొకరి ఇంటికి పోయింది. వాళ్ళ ఇంటిది మాకు వచ్చింది. నంబర్లు చూసుకుని మార్చుకునేసరికి ఇద్దరి మీదా లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నారని కేసు పెట్టబోయారు. అప్పుడున్న రైటరు మంచివాడు. ఆయనే అన్నాడు, “ఇంగ మీదట పేరూ ఫోటో ఉండే కార్డు ఏదన్నా తెచ్చి కట్టేయండప్పా. ప్లాస్టిక్కు ఎలక తినదు.”

ఏ కార్డు కట్టాలి? ఆధార్ కార్డు రేషనుకు కావాలి, బ్యాంకుకు కావాలి, పాలసంఘానికి కూడా కావాలి. దాన్ని ఎవరిస్తారు? ఓటు కార్డు ఓటు రోజున కావాలి. ఇంగ మిగిలింది ఆరోగ్య కార్డు. జబ్బు చేస్తే కదా దానితో పని. లామినేషన్ గట్టిది, ఫోటో స్పష్టంగా ఉంది, మూలన రంధ్రం కొడితే దారం దూరుతుంది. ఒకరిని చూసి ఒకరు అందరూ అదే కట్టారు. నేనూ కట్టాను. రెండు మూడు ఎన్నికలు అట్లా గడిచాయి. ఒక్క తుపాకీ మారలేదు. మేము తెలివైన పని చేశామని అనుకున్నాం.

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు కూడా గుట్ట దగ్గర కలిశాం. మాలో మాటకారులు ఇద్దరు. ఒకాయన సుగటూరు నుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చినవాడు, పట్టుపురుగులూ టమాటా తోటా ఉన్నవాడు. ఊరంతా సుగటూరాయన అనే పిలుస్తారు. ఆయనది ఢిల్లీలో ఏలుతున్న పార్టీ. రెండో ఆయన చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీలకు కట్టిన లైను ఇంట్లో ఉండే పెద్దాయన. గనిలో రాతికి బెజ్జాలు వేసినవాడు, చర్చిలో మొదటి బెంచీ మనిషి. ఊరి చివర కొంచెం నేల కొనుక్కుని కొబ్బరి పెట్టాడు. ఆయనది బెంగళూరులో ఏలుతున్న పార్టీ. వీళ్ళిద్దరూ ఎదురుపడితే తుపాకుల అవసరం లేదు.

“మూడు తరాల నుంచి ఉండాది ఈ బందూకు. ఒక మనిషి పక్క తిప్పినామా? ఓటు వచ్చేసరికి మనమే రౌడీలం అయిపోతామా?” అన్నాడు సుగటూరాయన.

“నిన్ను చూసి కాదులే తంబీ. మీ పార్టీవాళ్ళను చూసి భయపడి మన అందరివీ అడుగుతా ఉండారు,” అన్నాడు పెద్దాయన.

“మావాళ్ళకు బందూకు ఎందుకన్నా? మీవాళ్ళు మైకు పట్టుకుంటే జనం వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుతారు.”

“అట్లయితే చట్టం మార్చమని చెప్పు. ఢిల్లీ మీదే కదా. ఆయుధాల చట్టం చేసేది ఢిల్లీ.”

“పట్టుకొచ్చి పెట్టండని చెప్పేది ఇక్కడి పోలీసు. పోలీసు బెంగళూరుది. మీ చేతిలోది మీరు మార్చండి ముందు.”

మా తమ్ముడు మందు పోసి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. “మీ రెండు పార్టీలూ ఒక క్షణం చెవులు మూసుకుంటే నాది కాల్చేస్తాను,” అన్నాడు.

కాల్చాడు. గుట్ట మీద తెల్లటి దుమ్ము లేచింది. తర్వాత కార్డు తీసి దారం ఎక్కిస్తుంటే పెద్దాయన మళ్ళీ అందుకున్నాడు. “ఈ కార్డు ఎవరిచ్చినారో తెలుసునా? బెంగళూరు సర్కారు.”

“బొమ్మ చూడన్నా, ఎవరిదుండాదో. ఢిల్లీ ఆయనది.”

“బొమ్మ వేస్తే ఇచ్చినట్టేనా? నా కల్లుకుండ మీద ఈతచెట్టు బొమ్మ ఉండాది, చెట్టే వచ్చి పోస్తా ఉండాదా?”

“నీకు కల్లుకుండ యాడిదన్నా, చర్చి మనిషివి?”

అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. తుపాకీ గొట్టం తుడుస్తూ అన్నాడు, “గని కంపెనీ కాలంలో ఆసుపత్రికి పోతే కార్డు అడిగినారా? నెత్తురు కారతా ఉంటే చాలు, లోపలికి మోసుకుపోయినారు. అదే మన ఇన్సూరెన్సు.”

మా నాన్న రాయి పడి భుజం విరిగినప్పుడు ఆయన్ని అట్లాగే మోసుకుపోయిన సంగతి నాకు గుర్తుంది.

ఠాణాకు పోయాం. పాత రైటరు బదిలీ అయి పోయాడు. కొత్త రైటరు కార్డులను ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. మేము దాచలేదు. ఆయన కాదనలేదు. పైగా ఒక పని చేశాడు. కార్డు మీద నాయకుడి బొమ్మ ఉంది గదా, ఎన్నికల కోడు ఉన్నప్పుడు సర్కారు ఆఫీసులో నాయకుల బొమ్మలు కనబడకూడదట. తెల్ల కాగితం ముక్కలు చించి, జిగురు పూసి, ప్రతి కార్డు మీదా ఆ ముఖం మీద అంటించాడు. అంత శ్రద్ధగా చూశాడు వాటిని. తర్వాత తుపాకులన్నీ గోనెపట్టాల్లో చుట్టి, గదిలో పెట్టి, తాళం వేసి, తాళం మీద లక్క సీలు వేశాడు. రసీదు ఇచ్చాడు. రసీదులో తుపాకీ ఉంది, కార్డు లేదు. అప్పుడు ఎవరికీ అది పట్టలేదు.

తమ్ముడి మీద పంది పడింది ఒక తెల్లవారు జామున. నేను అక్కడ లేను, మా మరదలు చెప్పింది. తమ్ముడు రేకు డబ్బా, కర్ర, కాసిని టపాకాయలు పట్టుకుని తోటలోకి పోయాడట. డబ్బా కొడుతూ ముందుకు పోతే పందులు కదిలాయి. పిల్లలున్న ఆడపంది ఒకటి చెట్టు చాటున ఉండిపోయింది. అది వెనక నుంచి వచ్చింది. తుపాకీ ఉంటే పంది వచ్చేది కాదని నేను అనను. చప్పుడుకు బెదరని పందులను కూడా చూశాను. కానీ తుపాకీ ఉన్నవాడు గట్టు మీద నిలబడి కాలుస్తాడు. డబ్బా ఉన్నవాడు లోపలికి పోవాలి. ఈ ముక్క ఆఫీసులో కూర్చుని ఆర్డరు వేసేవాళ్ళకు ఎవరు చెప్పాలి?

టమాటా టెంపోలో వేసుకుని పోయాం. ఆరోగ్య కార్డుకు వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రి ఒకటి ఉంది, పెద్దది. వాళ్ళు గాయం కడిగారు, కట్టు కట్టారు, సూది వేశారు. అక్కడికి వాళ్ళను తప్పు పట్టను. డాక్టరు చూసి, “మోకాలి వెనక నరం తెగింది. తొందరగా ఆపరేషన్ చేసి కలపాలి. వదిలేస్తే రెండు కొసలూ ముడుచుకుని గట్టిపడతాయి. తర్వాత చేసినా కాలు వంగదు,” అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. తొందరగా, అన్నాడు.

కౌంటరులో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

“కార్డు ఇవ్వండి తాతా,” అంది.

“కార్డు ఠాణాలో ఉండాదమ్మా.”

“ఠాణాలో ఎందుకుంది?”

“బందూకుకు కట్టి ఉండాది.”

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. తర్వాత గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషిని చూసింది. నేను మొదటి నుంచి చెప్పాను. గుట్ట, మందు, చీటీ, ఎలుక, అన్నీ చెప్పాను. పాపం, ఓపికగా విన్నది. ఆధార్ నంబరు కొట్టి వెతికింది. వెతికితే ఫోనుకు ఓటీపీ పోయింది. ఏ ఫోనుకు? కార్డులు చేసిన సెంటరువాడు ఊళ్ళో అందరికీ తన నంబరే కొట్టాడు. వాడు సెంటరు మూసేసి పోయాడు, ఆ నంబరు పనిచేయడం లేదు. కార్డు మీది నంబరు ఒక్కటి చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటానని అంది. నంబరు ఎవరికి గుర్తుంటుంది? జిరాక్సు తీసి పెట్టుకోవాలని ఎవరికి తోచింది? సొంతంగా డబ్బు పెట్టుకుని చేయించుకునే తాహతు ఉంటే ఇదంతా నేను రాసేవాణ్ణి కాదు.

ఠాణాకు పోయాను. కొత్త రైటరు ఉన్నాడు.

“ఆయుధాల గది సీలు వేసినాము. ఓట్ల లెక్క అయ్యేదాకా తీసేది లేదు,” అన్నాడు.

“ఆయుధం వద్దు సామీ. ఆయుధానికి కట్టిన కార్డు కావాల.”

“కార్డు తీయాలంటే గది తీయాల కదా?”

“తీయండి.”

“గది తీస్తే ఆయుధం తీసినట్టే లెక్క.”

“తీయద్దు. తలుపు సందులోంచి టార్చి వేసి నంబరు చదివి చెప్పండి, రాసుకుంటా.”

“గోనెపట్టాలో చుట్టి ఉండాది. మీరే కదా చూస్తా నిలబడినారు.”

“మీరే కదా కార్డు చూసి కాగితం అంటించినారు.”

ఆయన రిజిస్టరు మూసేశాడు. పై అధికారి ఆర్డరు ఉంటే తీస్తామన్నాడు. పై అధికారి ఎన్నికల డ్యూటీలో ఉన్నాడు. తాలూకా ఆఫీసుకు పోతే అక్కడ ఎన్నికల అర్జీలు తీసుకునేవాడు, “ఇది అభ్యర్థి మీద ఫిర్యాదా? ఓటరు లిస్టు సంగతా?” అని అడిగాడు. రెండూ కాదన్నాను. “అట్లయితే మా దగ్గరికి రాదు,” అన్నాడు. మనిషి కాలు ఏ లిస్టులోకి వస్తుందని అడిగాను. వరసలో నా వెనక ఉన్నవాణ్ణి పిలిచాడు.

రోజూ పోయాను. పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం ఠాణా, సాయంత్రం ఏదో ఒక ఆఫీసు. మధ్యలో ఒకసారి తమ్ముణ్ణి పెద్ద సర్కారు ఆసుపత్రికి కూడా తీసుకుపోయాం. అక్కడ వరండాలో పడుకున్నవాళ్ళను దాటుకుని పోయి అడిగితే, వరస వచ్చేదాకా ఆగాలన్నారు. వరండాలో ఉన్నవాళ్ళు కూడా మనుషులే గదా, వాళ్ళను తోసి ముందుకు పోవడానికి నాకు మనసు రాలేదు. ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంతలో లైసెన్సువాళ్ళందరికీ తెలిసింది. ఠాణా ఎదురుగా టీ అంగడి దగ్గర కూడారు. సుగటూరాయన తన పార్టీ నాయకుడికి ఫోను చేశాడు. ఆ నాయకుడు కథంతా వినకముందే, “మీ ఊళ్ళో మన ఓట్లు ఎట్లుండాయి?” అని అడిగాడట. చెప్పిన తర్వాత, “ఓటు పడనీ, చూస్తాము,” అన్నాడట. పెద్దాయన తన పార్టీ మనిషికి చేశాడు. “కోడు ఉన్నప్పుడు నేను ఠాణాకు ఫోను చేస్తే నా మీద కేసు పెడతారన్నా, మీకు తెలియనిదా?” అని ఆయన జవాబు. ఇద్దరూ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మొదటిసారి ఇద్దరికీ ఒకటే మాట దొరికింది, దానితో ఏమి చేయాలో తోచలేదు.

“అందరం పోయి ఠాణా మెట్ల మీద కూర్చుందాము. కార్డు ఇచ్చేదాకా లేసేది లేదు. మన కార్డులు కూడా అక్కడే ఉండాయి. రేపు మనలో ఎవరికన్నా గుండె పట్టుకుంటే?” అన్నాను.

ఒకాయన టీ గ్లాసు కింద పెట్టాడు. “లైసెన్సు రద్దు చేస్తారప్పా.”

ఇంకొకాయన, “నాది రెన్యువల్‌కు పోయి ఉండాది,” అన్నాడు.

“అన్నా, నీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ కోడు ఉన్నప్పుడు గుంపు కూడితే అది వేరే కేసు,” అన్నాడు సుగటూరాయన. గుట్ట దగ్గర ఢిల్లీనీ బెంగళూరునీ గడగడలాడించిన మనిషి.

తుపాకీ ఉన్నవాళ్ళు ధైర్యవంతులని బయటివాళ్ళు అనుకుంటారు. మా జిల్లాలో లైసెన్సు ఉన్నవాడికంటే భయస్తుడు దొరకడు. రెన్యువల్‌కు పోలీసు దయ కావాలి, రెవెన్యూవాళ్ళ దయ కావాలి, ఫారెస్టువాళ్ళు పేరు రాసుకోకూడదు. ఆ తుపాకీ మా చేతిలో ఉందని మేము అనుకుంటాం. మేమే దాని చేతిలో ఉన్నామని నాకు ఆ టీ అంగడి దగ్గర తెలిసింది. కడకు నాతో వచ్చి మెట్ల మీద కూర్చున్నది పెద్దాయన ఒక్కడే. “నాకు ఊపిరితిత్తుల్లో గని దుమ్ము ఉండాది. నాకు ఇంగ ఏమి రద్దు చేస్తారు?” అన్నాడు. మమ్మల్ని ఇద్దరినీ ముసలివాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. అదే పెద్ద అవమానం. చుట్టూ తిరిగి లోపలికి పోయారు, వచ్చారు. సాయంత్రం ఒక కానిస్టేబులు వచ్చి, ఎండ తగులుతుందని పక్కకు జరగమన్నాడు.

ఓటు రోజు వచ్చింది. పొద్దున్నే తమ్ముడి ఇంటి ముందు కారు ఆగింది. ఒక పార్టీవాళ్ళు. నడవలేనివాళ్ళను పోలింగు బూత్‌కు తీసుకుపోతున్నాము, రండన్నారు. వాళ్ళు మాట్లాడుతుండగానే వెనక ఇంకో పార్టీ ఆటో ఆగింది. రెండు పార్టీల కుర్రవాళ్ళూ గుమ్మం దగ్గర నేను ముందంటే నేను ముందని తోసుకున్నారు. ఇన్ని రోజులూ కాలు కదపలేని మనిషి ఆ ఇంట్లో ఉన్నాడని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

“ఓటు కార్డు ఉండాదా అన్నా?” అని అడిగాడు ఒకడు.

తమ్ముడు మంచం మీద ఉన్నాడు. “అది ఉండాది,” అన్నాడు. “నీ కారు ఆసుపత్రి దాకా వస్తుందా?”

“ఈ రోజు బూత్ డ్యూటీ అన్నా. అంత దూరం పోకూడదు.”

“సరే,” అని తమ్ముడు గోడ వైపు తిరిగాడు.

మరదలు బయటికి వచ్చి చీపురు తీసుకుని గుమ్మం ఊడవడం మొదలుపెట్టింది. వాళ్ళ కాళ్ళ మీదుగా ఊడ్చింది. వాళ్ళు పోయారు. నేను ఓటు వేయలేదు. ఇన్నేళ్ళలో అదొక్కసారే.

ఓట్లు లెక్కపెట్టడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మా జిల్లా ఓటు అయిపోయినా వేరే రాష్ట్రాల్లో అవుతూనే ఉందట. అక్కడెక్కడో వాళ్ళు ఓటు వేయడానికీ, ఇక్కడ మా గది తాళానికీ ఒకటే కోడు. తీరా ఫలితాలు వచ్చి, ఊరేగింపులు అయి, కోడు ఎత్తేశాక తుపాకులు తీసుకుపొమ్మని కబురు వచ్చింది. తమ్ముడి తరఫున మరదలు వచ్చింది. సంతకం పెట్టించుకుని తుపాకీ ఇచ్చారు. కార్డు దారంతో అట్లాగే ఉంది. రైటరు మొదట కార్డు మీది కాగితం ముక్కను గోటితో గీకి తీసి, ముఖం శుభ్రంగా కనబడేటట్టు తుడిచి, తర్వాత ఇచ్చాడు.

తుపాకీ ఇంట్లో పెట్టి, తమ్ముణ్ణి టెంపోలో ఎక్కించుకుని అప్పటికప్పుడే ఆసుపత్రికి పోయాం. అదే అమ్మాయి. కార్డు పెట్టగానే కంప్యూటరు ఒప్పుకుంది. ఒక్క ప్రశ్న వేయలేదు. “వచ్చేసింది తాతా, అప్రూవ్ అయింది,” అని సంతోషంగా చెప్పింది. డాక్టరు కాలు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. తమ్ముడు పళ్ళు బిగించాడు. డాక్టరు కాలు మెల్లగా కింద పెట్టి, “చేస్తే చేయొచ్చు. కానీ వంగుతుందని నేను చెప్పలేను. వచ్చినప్పుడే చేసి ఉంటే,” అని ఆపేశాడు. ఒప్పుకున్న ఆపరేషన్ వద్దని చెప్పి, తమ్ముడు ఇంటికి పోదామన్నాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. అర్జీ రాశాను. కన్నడంలో, నా సొంత చేత్తో, కొట్టివేతలు లేకుండా. ఠాణావాళ్ళు చెప్పినందువల్లే కార్డులు కట్టామని రాశాను. కార్డును కళ్ళారా చూసి, దాని మీద కాగితం అంటించి, తీసుకుని తాళం వేశారని రాశాను. తుపాకీని తాళం వేసుకునే అధికారం మీకుంటే ఉండవచ్చు, వైద్యాన్ని తాళం వేసే అధికారం ఎవరిచ్చారని అడిగాను. తమ్ముడి కాలికి బాధ్యత ఎవరిది, ఇకమీద ఎన్నికలప్పుడు అప్పగించిన గది నుంచి ప్రాణం కోసం కావలసిన వస్తువు తీయాలంటే ఎవరిని అడగాలి, ఈ రెండింటికీ జవాబు కావాలన్నాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. పై ఆఫీసుకు నకలు పంపాను. పై ఆఫీసు దాన్ని కిందికి పంపింది. కింద ఉన్నవాళ్ళు నన్ను పిలిచి, “తాతా, ఇంగ వదిలేయండి,” అని టీ ఇచ్చారు. టీ తాగలేదు.

మరో మామిడి పూత వచ్చి పోయింది. ఈసారి జవాబు వచ్చింది, టపా మనిషి చేతిలో, సర్కారు ముద్రతో. కన్నడంలో ఉన్నదాన్ని ఒక్క మాట మార్చకుండా తెలుగులో రాస్తున్నాను.

“తమ అర్జీని పరిశీలించడమైనది. ఎన్నికల సందర్భమున డిపాజిట్ చేయవలసినవి లైసెన్సు పొందిన ఆయుధములు మాత్రమే. ఆరోగ్య కార్డు ఆయుధము కాదు. డిపాజిట్ రసీదులో సదరు కార్డు ప్రస్తావన లేనందున, ఈ ఠాణా దానిని స్వీకరించినట్లు భావించుటకు వీలులేదు. తమ తమ్ముని ఆయుధము ఎట్టి నష్టము లేక, సురక్షితముగా వాపసు చేయబడినది గనుక, ఈ అర్జీని ఇంతటితో ముగించడమైనది.”